రెండో మునక వేసిన ముఖం

ఆ రోజుల్లో నాకు పట్టుదల గంపెడుండేది, ఓర్పు మాత్రం చిటికెడు కూడా లేదు. ధర్మవరంలో ఒక పట్టుచీరల కొట్లో చేరి, వెనక గదిలో చీరలు మడతపెట్టేవాణ్ణి. ముందు పరుపు మీద కూర్చుని, వచ్చినవాళ్లకు చీరలు పరిచి చూపించాలని నా ఆశ. "మొగం నిండా మొటిమలేందప్పా? అవి తగ్గినాక ముందరికి రా" అన్నాడు సావుకారు. శ్రావణమాసం పెళ్లిళ్లకు నెలరోజులుంది. ఈలోగా తగ్గించి తీరాలనుకున్నాను.

డాక్టరమ్మ అడాపలీన్ జెల్ రాసిచ్చి, రోజూ రాత్రి బఠానీ గింజంత పూసుకోమంది. మూడు నెలలు ఓపిక పట్టాలట. నాకంత టైమెక్కడిది? బావ దగ్గర ట్రెటినోయిన్ క్రీము ఉంది, అదీ ఆ జాతి మందేనని విన్నాను. మాది నూలుకు రంగులేసే ఇల్లు. రంగు చాలకపోతే నాయన నూలును తొట్టిలో ఇంకో మునక వేస్తాడు. ఆ లెక్కనే నేనూ జెల్ మీద బావ క్రీముతో రెండో మునక వేశాను, అదీ పొద్దుటిపూట. (బాగా పట్టాలని మిద్దెమీద ఎండలో కూర్చున్నాను. మా అనంతపురం ఎండ గురించి వేరే చెప్పాలా.)

వారానికల్లా ముఖం ఎర్రబడి పొట్టు లేచింది. నవ్వితే మంట. నాయన నన్ను ఎగాదిగా చూసి, "రంగేసిన నూలునే నీడన ఆరబెడ్తాం కదరా. నీ మొగాన్ని ఎండలో ఆరేసినావా?" అన్నాడు.

రెండు ట్యూబులూ పట్టుకుపోయి డాక్టరమ్మ ముందు పెట్టాను.

"ఒకే జాతి అయితే ఒకే గుణముంటాదా? నీకిచ్చింది కొంచెం నిదానం. మీ బావది చురుకు, ఆయన చర్మం చూసి ఇచ్చినారు. రెండూ కలిపి పూస్తే తోలు ఊడక ఏమైతాది?"

"మాత్ర కూడా ఉండాదంట కదా మేడం, ఐసోట్రెటినోయిన్ అని?"

"అది ఒళ్లంతా పనిచేసే మందు. మొండి మొటిమలకు, రక్తపరీక్షలు చేస్తా ఇస్తాం. నీకక్కర్లేదు."

ముఖం తేరుకునేదాకా అన్నీ ఆపించింది. తర్వాత జెల్ ఒక్కటే, మొదట్లో రోజు విడిచి రోజు, పగలు సన్‌స్క్రీను. శ్రావణం నన్ను వెనక గదిలోనే వదిలేసి వెళ్లిపోయింది. ఏడుపొచ్చింది. అయినా జెల్ మానలేదు, కొలత దాటలేదు.

మాఘమాసం పెళ్లిళ్లకు సావుకారు నన్ను ముందుకు పిలిచాడు. నున్నటి ముఖంతో పరుపు మీద కూర్చుని, సాయంత్రం దాకా చీరలు పరిచాను. ఒక్కరంటే ఒక్కరు నా ముఖం చూడలేదు. అందరి కళ్లూ చీర అంచుల మీదే. ఆ రోజు నాకు ఎంత కోపమొచ్చిందో. ఇప్పటికీ ఆ పరుపు మీదే కూర్చుంటున్నాను. ముఖం చూస్తారేమోనని పొద్దంతా తలెత్తి కాచుకున్న ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది.