అంతరిక్ష నౌక తలుపు దగ్గర మా వార్డెన్ ఆంటీ

దయ్యాల ఆటతో హాస్టల్ అమ్మాయిల చదువు చెడగొడుతున్నానన్నది నాపై ఆరోపణ. మోపింది చైతన్యపురిలోని మా హాస్టల్ వార్డెన్ యాదమ్మ ఆంటీ. ఆ ఆట ఆపించడానికే ఈ సాయంత్రం భోజనాల గదిలోకి వచ్చారు.

ఆటలో కథ చెప్పేది నేను. నలుగురు స్నేహితురాళ్లు పాత్రలై నిర్ణయాలు తీసుకుంటారు, ఫలితాన్ని పాచికలు తేలుస్తాయి. నేటి కథలో, చనిపోయిన కెప్టెన్ గొంతుతో ఏదో ఒక ఆకారం అంతరిక్ష నౌక బయట నిలబడి తలుపు తీయమంటోంది.

"తీసేద్దామే! నిజంగా బతికే ఉన్నాడేమో, పాపం" అంది గుంటూరు లావణ్య.

"ఏయ్, ఆగు బిడ్డా! గొంతు ఇని గేటు తీస్తరా ఎవరన్నా? మీరు లేటుగ ఒస్తే నేనెట్ల అడుగుత? రూమ్ నంబరేంది, పక్క మంచం ఎవరిది, పొద్దుగాల టిఫినేం తిన్నవ్? గట్ల అడుగుండ్రి!" అని ఆంటీ కసిరారు.

అమ్మాయిలు ఆ గొంతును అవే అడిగారు. కెప్టెన్ టిఫిను గురించి నేను ఆలోచించనే లేదు. ఏ చర్చా వేదికపైనా తడబడని నేను, తలుపు బయటున్న నా రాక్షసి చేత ఒక్క జవాబు చెప్పించలేకపోయాను. తలుపు తెరుచుకోలేదు. నలుగురూ బతికారు. ఆంటీ కుర్చీ లాక్కుని కూర్చుని, "ఇంకేమొస్తది, చెప్పు" అన్నారు.

ఆరోపణ వీగిపోయింది. ఈ ఆటలో ఆలోచన లేదని ఇంకా వాదించేవారు ముందు దీనికి జవాబివ్వండి: మీరైతే ఆ గొంతును ఏమడిగేవారు?