అన్నయ్య సీడీల రెండో సెట్టు

మా అన్నయ్యకు చెవుడు ఒక్క రోజులో రాలేదు. పద్నాలుగో ఏట చీరాల దగ్గర మరమగ్గాల షెడ్డులో పనికి చేరాడు. నలభై దాటేసరికి ఎదురుగా నిలబడి అరిస్తే తప్ప వినపడేది కాదు. యాభై దగ్గర పడేసరికి అరిచినా లాభం లేకపోయింది. చెవి మిషను పెట్టుకుంటే మాట కంటే హోరే ఎక్కువ వస్తోందని దాన్ని తీసి బీరువాలో పడేశాడు. ఏం చెప్పాలన్నా పలక మీద రాసి చూపించడం ఆ ఇంట్లో అలవాటైపోయింది. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడగడానికి కూడా వదిన సుద్దముక్క వెతుక్కునేది.

అలాంటి మనిషికి పాటలంటే పిచ్చి. సినిమా పాటలు కావు, నాటకాల్లో పద్యాలు. కుర్రతనంలో తెనాలిలో నాటకం ఉందంటే చాలు, షిఫ్టు మార్చుకుని వెళ్లి, స్టేజీ ముందు నేల మీద చతికిలబడి, టేప్‌రికార్డరు ఒళ్లో పెట్టుకుని మొత్తం రికార్డు చేసుకునేవాడు. పేరున్నవాళ్ల పద్యాలు కంపెనీలే క్యాసెట్లు వేసి అమ్మేవి. అన్నయ్య దగ్గరున్నవి ఏ కంపెనీ కంటా పడనివాళ్లవి. పగలంతా పొలం పని చేసి సాయంత్రానికి కిరీటం పెట్టుకునే రైతులు, అమృతలూరు వైపు నుంచి హార్మోనియం సైకిలుకు కట్టుకుని వచ్చే ఒక పెద్దాయన. ఆ గొంతులు అరవై నాలుగు క్యాసెట్లలో తప్ప ఇంకెక్కడా లేవు.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయ్యాక ఆ క్యాసెట్లకు బూజు పట్టడం మొదలైంది. అన్నయ్య ఇల్లున్న బాపట్లలో సముద్రపు గాలికి ఇనప గొళ్లేలే నిలవవు, టేపులేం నిలుస్తాయి? వాటిని వినే యోగం అన్నయ్యకు ఎలాగూ లేదు. అయినా ఊరుకోలేదు. తెనాలిలో ఒక పాత కంప్యూటరు కొని, సీడీలు రాసే డ్రైవు వేయించి, దాన్ని ముందు గదిలో పెట్టాడు. షాపతను కొసరుగా ఒక చిన్న మైకు కూడా ఇచ్చి, ఇంటికొచ్చి అంతా కలిపి చూపించి వెళ్లాడు. టేప్‌రికార్డరు నుంచి కంప్యూటరుకు ఒక వైరు. తెర మీద ఆకుపచ్చ గీతలు ఎగురుతుంటే పాట ఎక్కుతున్నట్టు. అన్నయ్యకు కావలసింది అదే. చెవులతో పని లేకుండా కళ్లతో చూసి చేసుకునే పని.

ఒక క్యాసెట్టుకు ఒక సీడీ. ఒక్కోదాంట్లో పది క్యాసెట్లు పడతాయని షాపతను చెప్పినా ఒప్పుకోలేదు. "ఒకటి పోతే పది పోతాయి కదండీ" అన్నాడట. సీడీ మధ్యలో ఉన్న గుండ్రానికి దగ్గరగా స్కెచ్ పెన్నుతో నంబరు, నోటుబుక్కులో ఆ నంబరు ఎదురుగా ఊరు, నటుడు, హార్మోనిస్టు. చెప్పుల అట్టపెట్టెల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలను కూడా ఏరి తెచ్చి సీడీల మధ్య పెట్టేవాడు. పైగా ప్రతి సీడీకి రెండు కాపీలు. ఉప్పెన చూసిన మనిషి కదా, అన్నీ ఒకే కప్పు కింద పెట్టడం ఇష్టం లేదు. మొదటి సెట్టు బాపట్లలో, రెండో సెట్టు రేపల్లెలో నా దగ్గర.

నేను అప్పుడు రేపల్లెలో ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తాని. మా ఆయన పోయి రెండేళ్లయింది. అందరూ నాది దుఃఖం అనుకునేవారు. దుఃఖమైతే బాగానే ఉండేది, ఏడ్చి మొహం కడుక్కునేదాన్ని. నాకు అసలేమీ అనిపించేది కాదు. అన్నం తినేదాన్ని, చలానాలు రాసేదాన్ని, ఎవరైనా జోకు వేస్తే అందరితోపాటు నవ్వేదాన్ని. పరామర్శకు వచ్చినవాళ్లు నా కళ్లలో నీళ్ల కోసం వెతికి, దొరక్క, కాఫీ తాగి వెళ్లిపోయేవారు. గుండె రాయి చేసుకుంది అని బయట చెప్పుకునేవారట. చేసుకోవడానికి నా ప్రయత్నం ఏమీ లేదు.

నెలకో రెండు నెలలకో ఒక ఆదివారం బాపట్ల వెళ్లేదాన్ని. రేపల్లెలో ప్యాసింజరు ఎక్కి, తెనాలిలో రైలు మారి. వచ్చేటప్పుడు అన్నయ్య అయిదారు సీడీలు గుడ్డసంచీలో పెట్టి ఇచ్చేవాడు. మొదటిసారి ఇచ్చినప్పుడే చెప్పాడు.

"అమ్మాయ్, నాకు గీతలు కనపడతాయి గానీ పాట ఎలా వచ్చిందో తెలీదు. నువ్వు వినాలి. ఒక్కోదాంట్లో మొదట కాస్త, మధ్యలో కాస్త, చివర కాస్త. అంతే. బాగుందంటే ఫోన్ చేసి మీ వదినకు చెప్పు, నేను టిక్కు పెట్టుకుంటా."

"వదినను వినమనొచ్చుగా" అని రాసి చూపించాను.

"దానికి టీవీ తప్ప ఏదీ పట్టదు. నువ్వయితే చిన్నప్పుడు నాతో వచ్చేదానివి, నీకు తెలుస్తుంది" అన్నాడు.

మొదటి మూడు సీడీలు నిజంగానే విన్నాను. మా ఆయన కొన్న ప్లేయరు ఒకటుండేది. పద్యాలు శుభ్రంగా వచ్చాయి. శుభ్రంగా వచ్చాయని తెలిసింది, అంతకు మించి ఏమీ లేదు. గోడకు చెవి ఆనించినట్టుంది. నాలుగోది పెట్టబుద్ధి కాలేదు. ఫోన్ చేసి, "బాగానే ఉన్నాయి వదినా" అన్నాను. అది అబద్ధమని కూడా అనిపించలేదు. మూడు బాగున్నవి నాలుగోది బాగుండదా? అక్కడి నుంచి అదే పాట. సంచీ తేవడం, ట్రంకుపెట్టెలో నంబరు ప్రకారం సర్దడం, రెండు రోజులు ఆగి ఫోన్ చేయడం. వెంటనే చేస్తే వినలేదని తెలుస్తుందని రెండు రోజులు ఆగేదాన్ని. ఆ మాత్రం తెలివి ఉంది.

నేను బాగున్నాయన్నాక ఆ క్యాసెట్లతో అన్నయ్యకు పని తీరిపోయేది. వదిన ఎప్పటి నుంచో ఆ అలమారు ఖాళీ చేయమని పోరుతోంది. పాత ప్లాస్టిక్‌కు ఉల్లిపాయలిచ్చే బండి వీధిలోకి రాగానే తీసుకెళ్లి వేసేది. అలా ఏడాదిన్నరలో అరవై నాలుగు క్యాసెట్లూ ఉల్లిపాయలైపోయాయి. నోటుబుక్కులో అరవై నాలుగు టిక్కులు పడ్డాయి. ఆ రోజు అన్నయ్య స్వీట్లు తెప్పించాడని వదిన ఫోన్‌లో నవ్వుతూ చెప్పింది.

ఆ తర్వాతి ఎండాకాలంలో ఒకావిడ మా ఇంటికి వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి, కూడా ఎవరూ లేరు. సైకిలు మీద హార్మోనియంతో వచ్చే పెద్దాయన కూతురు. ఆయన పోయి వారమైందట, పెద్దకర్మ నాడు ఆయన గొంతు వినిపించాలని వాళ్ల కోరిక.

"మీ అన్నయ్యగారు రికార్డు చేసేవారని నాన్న చెప్పేవారండి. బాపట్ల ఫోన్ చేస్తే మీ దగ్గర ఇంకో సెట్టుందన్నారు. రేపల్లె అయితే మాకు దగ్గర కదండీ."

అన్నయ్య రాసిచ్చిన జాబితా చూస్తే ఆయన పాడినవి ముప్పై ఒకటో నంబరులో ఉన్నాయి. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, సీడీ పెట్టాను.

టకటక టకటక మని ఒకటే మోత. ప్లేయరు పాడైందనుకున్నాను. కాసేపటికి ఆ మోతలోంచి కుక్కరు కూత వినిపించింది. తర్వాత వదిన గొంతు. "ఏవండీ, కుళాయి వచ్చింది... ఏవండీ!" ఇంకాస్త ఆగి, "నా ఖర్మ" అంది. మళ్లీ మోత. అది అన్నయ్య వాళ్ల పక్కింటి మరమగ్గాల చప్పుడు.

"ఇంకా ముందుకుందేమోనండి" అంది ఆవిడ మెల్లిగా.

ముందుకు జరిపాను. మగ్గాలు. ఇంకా ముందుకు. మగ్గాలు, ఎవరో దగ్గడం. ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని కడదాకా కూర్చుంది. సీడీ పాడైనట్టుంది, అన్నయ్య దగ్గరున్నది చూసి చెబుతానన్నాను. అదీ అబద్ధమే. రెండు సెట్లూ ఒకే ఫైలులోంచి రాసినవి. ఇక్కడ లేనిది అక్కడా ఉండదు. ఆవిడ, "పర్లేదండి, వీలైతేనే" అని దణ్ణం పెట్టి వెళ్లింది. నాకు భయం వేసింది. ఇన్నేళ్లలో నాకు ఏదైనా వేసిందంటే అదే.

మర్నాడు సెలవు పెట్టి పొద్దున్నే మొదలుపెట్టి, అన్నయ్య చెప్పినట్టే మొదట, మధ్యలో, చివర కాస్త కాస్త అన్నీ విన్నాను. పదకొండో సీడీ దాకా పద్యాలు బాగానే ఉన్నాయి. పన్నెండు నుంచి అరవై నాలుగు దాకా ముందు గదిలోని చప్పుళ్లు. ఎలా జరిగిందో ఆలోచిస్తే తెలిసింది. మధ్యలో కంప్యూటరుకు వైరస్ పట్టిందని షాపతను వచ్చి అంతా చెరిపి మళ్లీ ఎక్కించాడు. అప్పటి నుంచి అది టేప్‌రికార్డరు మాట వినడం మానేసి, బల్ల మీది కొసరు మైకు మాట వినడం మొదలుపెట్టింది. హెడ్‌ఫోను కన్నంలో వైరుంటే టేపు బయటికి వినపడదు, కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. మగ్గాల మోతకు ఆకుపచ్చ గీతలు బ్రహ్మాండంగా ఎగిరి ఉంటాయి. అన్నయ్య వాటిని చూసి మురిసిపోయి ఉంటాడు. పన్నెండో సీడీని నేను ఒక్క నిమిషం విని ఉంటే సరిపోయేది. అప్పటికి ఇంకా యాభై మూడు క్యాసెట్లు అలమారులోనే ఉన్నాయి.

ఆదివారం రైలెక్కాను. జంపని దాటేదాకా ఏం చెప్పాలో అనుకుంటూనే ఉన్నాను. వైరస్ మీద తోసేయవచ్చు, షాపతని మీద తోసేయవచ్చు. తెనాలిలో రైలు మారేటప్పుడు, వెనక్కి వెళ్లే ప్యాసింజరు అవతలి ప్లాట్‌ఫారం మీదే ఆగి ఉంది. దాని వంక కాసేపు చూసి బాపట్ల బండే ఎక్కాను.

అన్నయ్య ముందు గదిలో కంప్యూటరు దగ్గర ఉన్నాడు. సీడీలు ఎల్లకాలం ఉండవని ఎవరో చెప్పారట, కొత్త హార్డ్ డిస్కులోకి మూడో కాపీ ఎక్కిస్తున్నాడు. నన్ను చూడగానే, "హార్మోనిస్టుగారమ్మాయికి ఇచ్చావా?" అని అడిగాడు. తన గొంతు ఎంత పెద్దదో తనకు తెలీదు. వీధి చివరిదాకా వినపడి ఉంటుంది.

పలక అందుకుని రాశాను. "పన్నెండో సీడీ నుంచి పద్యాలు లేవు. మగ్గాల చప్పుడు ఉంది. నేను వినకుండానే విన్నానని చెప్పాను."

చదివాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు. వదిన వచ్చి పలక చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో, క్యాసెట్లన్నీ బండికి వేసేశానే!"

"ఎన్ని విన్నావు?" అన్నాడు అన్నయ్య.

మూడు వేళ్లు చూపించాను.

"అరవై నాలుగులోనా?"

తలూపాను. తిట్టాలని కోరుకున్నాను. లాగి ఒక్కటి కొట్టినా బాగుండేది. అన్నయ్య తెర వైపు తిరిగాడు. అందులో కాపీ ఇంకా నడుస్తూనే ఉంది. చెయ్యి చాపి దాన్ని ఆపేశాడు. తర్వాత నా వైపు తిరిగి, ఈసారి పక్కనున్న వదినకైనా వినపడిందో లేదో అన్నంత మెల్లిగా అడిగాడు.

"నాకంటే వినపడదు. నీకేమైందే?"

సుద్దముక్క అందుకున్నాను. మా ఆయన పోయారని రాయాలా? అది అన్నయ్యకు తెలిసిందే. పాడె పట్టిన మనిషి. చివరికి, "నాకేమీ అనిపించడం లేదు అన్నయ్యా" అని రాశాను. ఆ మాట అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

అన్నయ్య పలక తీసి పక్కన పెట్టాడు. సీడీల పెట్టెలోంచి నాలుగోది తీసి కంప్యూటరులో పెట్టాడు. బల్ల సొరుగులోంచి పాత హెడ్‌ఫోను తీసి నా తలకు తగిలించి, నన్ను కుర్చీలో కూలేసి, స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"విను. నేను చూస్తుంటా" అన్నాడు.

జనం గోల, ఎవరో పిల్లాడి ఏడుపు, హార్మోనియం శ్రుతి. రాజు వేషం కట్టిన రైతెవరో పద్యం ఎత్తుకున్నాడు. మొదటి పాదం మామూలుగానే వెళ్లింది. అన్నయ్య కన్నార్పకుండా నా మొహం చూస్తున్నాడు. అలా చూస్తుంటే విన్నట్టు నటించడం కుదరదు, వినాల్సిందే. చివరి పాదంలో ఆయన రాగం పైకి తీశాడు. ఇంకా పైకి తీశాడు. ఊపిరి అయిపోతుందేమో అని నేనే బిగుసుకుపోయాను. నా మొహంలో ఏం కనపడిందో నాకు తెలీదు. అన్నయ్య తొడ చరిచి, "ఆఁ, ఇక్కడే! వన్స్ మోర్ అన్నారు!" అని అరిచాడు.

హెడ్‌ఫోనులో జనం అప్పుడే అరవడం మొదలుపెట్టారు.