ఓన్ అక్కేనా?

డెబ్బైలు అయిపోవస్తున్న రోజుల్లో, మద్రాసు దగ్గర తిరువళ్ళూరులో మేమున్న వీధిలో, ఇంగ్లీషు రానివాళ్ళకు కూడా ఒక ఇంగ్లీషు మాట వచ్చు: ఓన్. కొత్తగా ఎవరు దిగినా మొదటి ప్రశ్న, "ఓన్ ఇల్లా, బాడుగా?" సైకిలు మీద పోతుంటే, "ఓన్ సైకిలా, గంటల లెక్కన తెచ్చినావా?" ఎదురింట్లో గుడ్డలు కుట్టే ఆవిడ, తన దగ్గర పనివాళ్ళు ఎవరూ లేరని చెప్పడానికి, "అంతా ఓన్‌గానే కుడతా" అనేది. బడికి పోకుండా పరీక్ష రాసి గట్టెక్కినవాడు "ఓన్‌గా చదివి పాసైనా" అని చెప్పుకు తిరిగేవాడు. అది చాలా పాత మాట అనీ, తప్పు ఒప్పుకోవడానికి కూడా ఇంగ్లీషులో దాన్నే వాడతారనీ మా మాస్టారు ఒకసారి చెప్పాడు. ఆ అర్థంలో వాడినవాళ్ళను మా వీధిలో నేను చూడలేదు.

ఇవన్నీ నాకు పట్టేవి కావు. మా అక్క దగ్గరికి వచ్చేసరికే ఒళ్ళు మండేది.

అక్క మా పెదనాయన కూతురు. ఆయనకు తిరుత్తణిలో కొండ మెట్ల దగ్గర టెంకాయల అంగడి ఉండేది. అక్కకు రెండేళ్ళప్పుడు ఆయన, మరుసటి ఏడు పెద్దమ్మ పోయారు. నాయన రైలెక్కి పోయి అక్కను చంకనేసుకుని వచ్చాడు. నేను పుట్టేనాటికే తను ఇంట్లో ఉంది. మన తెలుగులో పెదనాయన కూతురు అక్కే. ఇంకో మాట లేదు, మాకు అవసరమూ పడలేదు. అయినా మేమిద్దరం కలిసి నీళ్ళకు నిలబడితే చాలు, ఎవరో ఒకరు "ఓన్ అక్కేనా?" అనేవాళ్ళు. అమ్మ పక్కనుంటే "ఓన్ మాదిరే" అని జవాబు చెప్పేది. ఆ "మాదిరే" విన్నప్పుడల్లా అమ్మ నోరు మూసేయాలనిపించేది. అక్క మాత్రం బిందె చంకనెత్తుకుని నడిచేది.

అక్క టైపింగులో లోయరూ హయ్యరూ రెండూ పాసైంది. నేను పదో తరగతి ఇంగ్లీషు మూడోసారికి ఎట్లాగో గట్టెక్కాను. మా ఇద్దరిలో ఉద్యోగానికి ఎవరు పనికొస్తారో ఎవరినీ అడగాల్సిన పనిలేదు.

నాయన ఊరి బయట ఒక మిల్లులో పనిచేసేవాడు. ఒకరోజు కుడిచెయ్యి యంత్రంలో పడి మూడు వేళ్ళు పోయాయి. ఇక ఆ చేత్తో పని కాదని తేలాక, ఇంట్లో ఒకరికి ఆఫీసులో పని ఇస్తామని మిల్లువాళ్ళు చెప్పారు. టైపిస్టు చోటు ఖాళీగా ఉందట. మాకు దేవుడే దారి చూపించాడనుకున్నాం. అక్క ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని నాయనతో బయల్దేరింది. గంట తిరక్కముందే ఇద్దరూ వెనక్కి వచ్చారు.

"ఓన్ బిడ్డకే ఇస్తారంట," అన్నాడు నాయన అరుగు మీద కూలబడి. "బడి కాగితంలో మా అన్న పేరుండాదని పక్కన పెట్టేసినారు."

అక్కను బళ్ళో వేసిన రోజు, తండ్రి పేరు దగ్గర తన పేరే రాయించి ఉండవచ్చు నాయన. అయ్యవారు కూడా అట్లాగే రాద్దామన్నాడట. నాయన ఒప్పుకోలేదు. అన్న పేరు ఎక్కడో ఒకచోట నిలబడాలని పట్టుబట్టి ఆయన పేరే రాయించాడు.

"ఆ పొద్దే నీ పేరు రాయించుంటే ఏం పోయుండె నాయనా?" అని అరిచాను.

"మా అన్నకు మిగిలింది ఆ బిడ్డొకటే గదమే," అన్నాడు, కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని. ఆ మంచితనం మీద నాకు వచ్చినంత కోపం ఎవరి చెడ్డతనం మీదా రాలేదు.

మర్నాడు తిరుత్తణి పోయి, ఈ పిల్లను మూడేళ్ళప్పటినుంచీ పెంచింది ఇతనేనని అక్కడి పెద్దమనుషుల చేత రాయించుకొచ్చాడు. మిల్లు మేనేజరు ఆ కాగితం మడత కూడా విప్పలేదు. పెంచడం వేరు, ఓన్ వేరు అన్నాడట. ఓన్ కూతుర్ని పంపితే తీసుకుంటామనీ, టైపు ఆరునెలల్లో నేర్చుకోవచ్చనీ చెప్పి పంపాడు.

"నేను పోను," అన్నాను.

"నువ్వు పోకపోతే ఇంకెవురో పోతారు. అప్పుడు మనం తినేది యాడనించొస్తాది?" అంది అక్క. "తిక్కతిక్కగా మాట్లాడొద్దు. అర్జీ నేనే టైపు కొడతా, రా."

తను నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్‌కే తీసుకుపోయింది. మధ్యాహ్నం కావడంతో మిషన్లన్నీ ఖాళీ. నేను ఫలానావారి ఓన్ కూతురినని ఇంగ్లీషులో మొదలుపెట్టి, కాగితం సగం దాకా ఆగకుండా కొట్టింది. ఆ వాక్యం దగ్గరైనా ఒక అక్షరం తప్పు పోతుందేమోనని తన వేళ్ళనే చూస్తూ కూర్చున్నాను. పోలేదు. కాగితం లాగి, వెలుతురుకు పట్టి చూసి, "సంతకం పెట్టు" అంది. ఒక్కసారి విసుక్కుంటే, ఒక్కసారి నన్ను తిడితే, నాకు ఎంత బాగుండేదో.

మేనేజరు ఆ అర్జీని చాలాసేపు చూశాడు. "రొంబ నీట్!" అని అరవంలో మెచ్చుకున్నాడు. ఎవరు కొట్టారని అడిగాడు.

"మా అక్క సార్."

"అక్కా?" ఆయన తలెత్తాడు. తాను పక్కన పెట్టిన పిల్లే అని తట్టినట్టు లేదు. "ఓన్ సిస్టరా?"

ఆయన ముందున్న ఫైల్లో నాయనకు ఒక్కతే కూతురని రాసి ఉంది. ఔనంటే, మేమేదో దాచిపెట్టామని నా కాగితం కూడా పక్కన పడేస్తాడని భయమేసింది. ఇన్నేళ్ళూ ఈ ప్రశ్న అడిగిన ప్రతివాళ్ళ మీదా మండిపడినదాన్ని, "కాదు సార్, కజిన్" అన్నాను. ఆయన తలూపి, సోమవారం నుంచి రమ్మన్నాడు.

ఇంటికొచ్చేసరికి అక్క వాకిట్లోనే నిలబడి ఉంది.

"ఏమన్నారుమే?"

"పనిచ్చినారు. టైపు శానా బాగుండాదన్నారు."

అక్క ముఖం విప్పారింది. "ఎవురు కొట్టినారని అడగలేదా?"

"లేదు," అన్నాను.

"పోనీలే, పనొచ్చింది గదా," అని నా చేతిలోని సంచి తీసుకుని లోపలికి పోయింది.