పక్కకు కదలనివ్వని వంట

పొద్దున్నే ఉద్యోగానికి వెళ్తూ కోడలు స్టవ్ నాబ్‌లు రెండూ పీకి హ్యాండ్‌బ్యాగులో వేసుకుపోవడం మొదలుపెట్టిన నాటి నుంచి కత్తెరమ్మ ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు. మాట్లాడటానికి ఏముంది గనక? దువ్వెన, తాళంచెవులు, బస్సు పాసుల మధ్య దొర్లుతూ ఆవిడ పొయ్యి ఊరంతా తిరిగి సాయంత్రానికి ఇల్లు చేరుతోంది. మధ్యాహ్నం పూట కోడలు డబ్బాలో పెట్టి వెళ్ళిన కూరను ఓవెన్‌లో వేడి చేసుకు తినాలి. ఆ కూర అంచుల్లో నోరు కాలుస్తుంది, నడుమ చల్లగా ఉంటుంది. తనంతట తాను ఆరిపోయే కరెంటు కెటిల్‌ని మాత్రం దయతలచి ఆవిడకు వదిలారు.

కత్తెరమ్మ అసలు పేరు ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తులేదు. పెళ్లయిన ఏడాదికే చొక్కాల ఫ్యాక్టరీలో చేరి, జుట్టు నెరిసేదాకా కటింగ్ బల్ల దగ్గరే నిలబడింది. చేతిలో కత్తెరకెంత పదునో నోట్లో నాలుకకూ అంతే పదును కాబట్టి తోటివాళ్ళు పెట్టిన ఆ పేరు రెండు విధాలా అతికింది. భర్త పోయినప్పుడు సూపర్‌వైజరు జాలిపడి తేలికపని ఇస్తానంటే, నా చేతులకేం రోగం రాలేదని మొహం మీదే చెప్పింది. ఒక్కగానొక్క కొడుకును ఆ చేతులతోనే పెంచింది. అలాంటి మనిషిని పొయ్యి దగ్గర నుంచి తప్పిస్తే ఊరుకుంటుందా?

జరిగింది మాత్రం అబద్ధం కాదు. ఓ రోజు బంగాళాదుంపలు ఉడకడానికి పెట్టి, బట్టలారేయడానికి మేడమీదకు వెళ్ళి, పక్కింటావిడతో మాటల్లో పడి పొయ్యి సంగతే మరిచిపోయింది. నీళ్ళు ఇగిరిపోయి గిన్నె మాడి ఇల్లంతా పొగ కమ్ముకుంది. ఆ వేళకి ఇంటికొచ్చి తలుపు తీసింది కోడలే. అత్తగారు ఆ పొగలో ఎక్కడ పడిపోయిందోనని గదులన్నీ వెతికేసరికి ఆ పిల్లకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ భయంలోంచే నాబ్‌ల ఆలోచన పుట్టింది. భయపడ్డవాళ్ళ మీద కోపం తెచ్చుకోకూడదని కత్తెరమ్మకు తెలుసు. తెలిసీ తెచ్చుకుంది.

కొడుకును నిలదీస్తే వాడు పాము చావకుండా కర్ర విరగకుండా మాట్లాడాడు. నీ బాధా నిజమేనమ్మా, దాని భయమూ నిజమే, కొన్నాళ్ళు ఆగి చూద్దామన్నాడు. వయసు మళ్ళినవాళ్ళను కొన్నాళ్ళు ఆగమనడం ఎంత అన్యాయమో వాడికి తట్టలేదు.

పటకారుతో తిప్పినా స్టవ్ వెలుగుతుందని ఆవిడకు తెలియక కాదు. కొడుకు పనిముట్ల పెట్టెలో పటకారూ ఉంది. కానీ తన పొయ్యిని తానే దొంగలా వెలిగించుకోవడమేమిటని రోషం. తాడో పేడో అందరి ముందే తేలాలనుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే చైనా అమ్మాయి. హాస్టలు గదిలో ఒంటి పొయ్యి మీద కూరగాయల నూడుల్స్ చేసి పెట్టేది. తరగడమంతా ముందే అయిపోవాలి, మంట పెట్టాక వెతుకులాట ఉండకూడదు, మూకుడు వదిలి అటు తిరిగితే మాడిపోతుందని హెచ్చరించేది. అప్పట్లో అది రుచి కోసం చెప్పిన మాట. ఇప్పుడు కత్తెరమ్మకు అందులో తన తరఫు వాదన దొరికింది. పక్కకు వెళ్తే కదా మరిచిపోవడం. అసలు వెళ్ళనివ్వని వంటే చేస్తే?

ఆదివారం మధ్యాహ్నం రంగంలోకి దిగింది. క్యాబేజీ, క్యారెట్, క్యాప్సికం దారాల్లా తరిగి గట్టు మీద కుప్పలు పెట్టింది. అల్లం, వెల్లుల్లి, ఉల్లికాడలు వాటి పక్కన. సన్నటి నూడుల్స్ మీద కెటిల్‌లోని మరిగే నీళ్ళు పోసి, మెత్తబడగానే వార్చి, అంటుకోకుండా చెంచాడు నూనె పట్టించింది. చిన్న గిన్నెలో సోయా సాసు, కాస్త వెనిగర్, చిటికెడు పంచదార, మిరియాలపొడి కలిపి ఉంచింది. అన్నీ సిద్ధమయ్యాక కొడుకునూ కోడలినీ వంటింట్లోకి పిలిచింది.

"ఒక్క నాబ్ ఇవ్వమ్మాయ్. ఇద్దరూ ఇక్కడే నిలబడి చూడండి. దించేలోపు నేను పొయ్యి వదిలి ఒక్క అడుగు వేస్తే, ఇంక జన్మలో అడగను."

కోడలు మొగుడి వంక చూసింది. అతను గోడ గడియారం వంక చూశాడు. దారిలేక ఆమె బ్యాగు తెరిచి నాబ్ ఇచ్చింది.

మంట పెద్దది చేసి, మూకుడు పొగలు కక్కేదాకా ఆగి, నూనె పోసింది. అల్లం వెల్లుల్లి చిటపటలాడగానే క్యారెట్, దాని వెనకే మిగతావి. చెయ్యి ఆగలేదు, కాలు కదల్లేదు. కూరగాయలు కరకర పోకముందే నూడుల్స్ వేసి రెండు గరిటెలతో పైకెత్తి దులిపింది. ఉల్లికాడలు చల్లి స్టవ్ ఆపేసింది. కోడలు ఇంకా తలుపుకు ఆనుకుందో లేదో, వంటయిపోయింది. కత్తెరమ్మ పళ్ళేలు సర్దింది యుద్ధం గెలిచినంత ధీమాగా.

కొడుకు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం నెమ్మది చేశాడు. నూడుల్స్ తెల్లగా, చప్పగా ఉన్నాయి. కోడలి చూపు గట్టు మీదకు వెళ్ళింది. సాసు గిన్నె కలిపింది కలిపినట్టే ఉంది.

కత్తెరమ్మా చూసింది. నా పని ఇంతేనా అని నిజంగానే భయం వేసింది.

"పోనీలెండి అత్తయ్యా, ఇలాగే తినేద్దాం" అంది కోడలు జాలిగా.

ఆ జాలితో ఆవిడకు ఎక్కడలేని పౌరుషం పొడుచుకొచ్చింది. లేచి ముగ్గురి పళ్ళేలూ మూకుడులో బోర్లించి, స్టవ్ మళ్ళీ వెలిగించి, సాసు కుమ్మరించి గిరగిరా కలిపింది. వాసన ఇల్లంతా కమ్మగా పరుచుకుంది. ఆపేశాక నాబ్ పీకి స్వెట్టరు జేబులో వేసుకుంది. తీసుకుందామని కోడలు చాపిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"మరిచిపోయాను. రేపు ఉప్పు మరిచిపోతాను. ఎదురుగా నిలబడి చేసే వంటలే చేస్తాను, ఇల్లు కాల్చను. ఒకటి నీ దగ్గరుంచుకో, ఇది నా దగ్గరుంటుంది. రెండు పొయ్యిలూ కావలసివస్తే వచ్చి అడుగు."

కోడలు ఆ చాపిన చేత్తోనే పళ్ళెం అందుకుంది. కాసేపట్లో పళ్ళేలన్నీ ఖాళీ అయ్యాయి.

మర్నాడు పొద్దున్న కాఫీకీ టిఫినుకీ ఒక్క పొయ్యి చాలక కోడలు అత్తగారి గది తలుపు తట్టింది. నాబ్ ఎక్కడ పెట్టారో గుర్తుందా అని అడగబోయి నోరు నొక్కుకుంది. మంచం మీద కత్తెరమ్మ గుప్పిట విప్పింది. రాత్రంతా గట్టిగా పట్టుకునే పడుకున్నట్టుంది, అరచేతిలో నాబ్ అచ్చు ఎర్రగా దిగిపోయింది. చూపించింది గానీ ఇవ్వలేదు.

"పద, నేనే వెలిగిస్తా" అంటూ లేచింది.