పుస్తకాల మధ్య ఒంటికాలి మీద

ఇవాళ పటమటలో మనవరాలి బడికి వెళ్లాను. పిల్లలకు లైబ్రరీ పరిచయమట, గది నిండా నేల మీద పుస్తకాలు పరిచి వెతుక్కోమన్నారు. గుమ్మంలోనే నా కాళ్లు ఆగిపోయాయి.

మీకు గుర్తుందా, మన చిన్నప్పుడు వానలు వెలిశాక బడి బీరువాలోని పుస్తకాలు చాపల మీద ఎండలో పెట్టేవాళ్లం? ఓసారి మా మాస్టారు, "వెళ్లి నచ్చింది తెచ్చుకోండ్రా" అన్నారు. పుస్తకానికి కాలు తగిలితే ఇక చదువు రాదని మా అమ్మ చెప్పింది. సగం దూరం వెళ్లాక అడుగు వేసే చోటు కనపడలేదు. ఒంటికాలి మీద నిలబడిపోయాను.

"ఏరా, కొంగలా ఆ నిలబడ్డమేంట్రా?" అని పిల్లలు నవ్వారు.

"తగులుద్దండీ మాస్టారండీ!" అని ఏడ్చాను.

ఆయన వచ్చి నా పక్కన రెండు పుస్తకాలు జరిపి, "కూర్చోరా. చేతికందింది చదువు" అన్నారు. కాళ్లు ముడుచుకునే చదివాను.

ఇవాళ మనవరాలు "లోపలికి రా తాతయ్యా" అని చెయ్యి పట్టుకు లాగింది.

"కాస్త చోటు చెయ్యమ్మా" అన్నాను.