రేడియేటర్లో పిడికెడు పసుపు

భీమ్‌గల్–ఆర్మూర్ మధ్య ఇరవై ఏళ్లు సర్వీసు జీపు నడిపిన మా నాన్న పోయిన మూడో రోజు, ఆయన అస్థికలను పోచంపాడ్ దగ్గర గోదావరిలో కలపడానికి అదే జీపులో బయలుదేరాం. ఉదయం ఆరున్నర అయింది. స్టీరింగు ముందు నేను, పక్కన ఒడిలో కుండతో చెల్లెలు లక్ష్మి. నది చేరేదాకా కుండ నేలకు దించకూడదని, ఎండ ముదరకముందే కలిపేయాలని పెద్దలు మరీ మరీ చెప్పారు. రెండు రాత్రులుగా నిద్ర లేక నా ఒళ్లు చచ్చుబడిపోయింది.

ఇటు వచ్చేవాళ్లు భీమ్‌గల్ నుంచి ఆర్మూర్‌కు ముప్పావుగంట, అక్కడి నుంచి హైవే మీద పోచంపాడ్‌కు అరగంట లెక్క వేసుకోవచ్చు. మా జీపు మాత్రం ఆర్మూర్ పసుపు మార్కెట్ దాటకముందే గుప్పుగుప్పున ఆవిరి కక్కింది. నాన్న రోజూ చాయ్ కన్నా ముందు బానెట్ ఎత్తి నీళ్లు, ఆయిలు చూసుకునేవాడు. ఈ మూడు రోజుల్లో నేను ఒక్కసారైనా ఎత్తలేదు. సిగ్గేసింది.

రేడియేటరు మూత తిప్పబోతుంటే ఎదురు షెడ్డులోంచి మెకానిక్ కేకేశాడు.

"ఆగు తమ్మీ! గిప్పుడు తీస్తే మొఖం కాల్తది. జర సల్లారనియ్యి."

అరగంట కాచుకున్నాం. లక్ష్మి కాళ్లు తిమ్మిరెక్కినా కుండ దించలేదు. చల్లారాక చూస్తే రేడియేటరు అడుగున సన్నటి చిల్లు, బొట్టుబొట్టుగా కారుతోంది. టంకం పెట్టే మనిషి మధ్యాహ్నం దాకా రాడట. మెకానిక్ పక్కనున్న పసుపు పట్టే గిర్నికి పోయి పిడికెడు పసుపు తెచ్చాడు.

"నీళ్లల్ల గిది ఏస్తే చిల్లు మూస్కపోతది. పోయి రానీకి ఫికర్ లేదు."

"మైలల ఉన్నమన్నా. మేం పసుపు ముట్టొద్దు," అంది లక్ష్మి నీరసంగా.

అతను కుండ వైపు చూశాడు. తర్వాత జీపు వైపు చూశాడు.

"గిది యాదన్న బండి గదా? పసుపేసుడు నాకు నేర్పిందే గాయన. మీరు ముట్టకుండ్రి చెల్లే, నేనేస్త."

పసుపు వేసి, నీళ్లు నింపి, ఇంజను స్టార్ట్ చేయించాడు. కాసేపటికి కారడం ఆగింది. డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

పదిలోపే పోచంపాడ్ చేరి నాన్నను గోదావరిలో కలిపాం. ఇంజను చల్లబడ్డాక, తిరిగి బయలుదేరే ముందు బానెట్ ఎత్తి మూత తీశాను. నీళ్లు పచ్చగా, అంచుదాకా ఉన్నాయి. మూడు రోజులుగా రాని ఏడుపు అక్కడ వచ్చింది.

మీకు చెప్పేది ఒక్కటే. పసుపు ఇల్లు చేరేవరకే పనికొస్తుంది, వెంటనే టంకం పెట్టించాలి. ఇంట్లో ఎంత కష్టమున్నా, బండి తీసే ముందు ఇంజను చల్లగా ఉండగానే నీళ్లు చూసుకోండి. మర్నాడు నేను చాయ్ కన్నా ముందు చూశాను.