బాపు కాలికి వెండి పట్టీ

మా ఇంట్లో షుగరు జబ్బు గురించి అన్నీ తెలిసినవాణ్ణి నేనే. డిగ్రీలో జువాలజీ ఒకసారి తప్పి రెండోసారి గట్టెక్కాను కాబట్టి, శామీర్‌పేటలో మావాళ్లు నన్ను సగం డాక్టరుగా చూసేవాళ్లు. మిగతా సగం నేనే కలుపుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటాక, మేం బాపు అని పిలిచే మా నాన్న అరికాలికి ముల్లు దిగింది. షుగరుతో స్పర్శ పోయిన కాలు, ఆయనకు తెలియనే లేదు. చీము పట్టి వాసన వచ్చాకే మేం చూశాం. కొంపల్లిలో డాక్టరమ్మ పుండు శుభ్రం చేసి, లోపల బూడిదరంగు మెత్తటి పట్టీ ఒకటి పెట్టి కట్టు కట్టింది.

"ఇందులో వెండి ఉంటుంది, క్రిములను చంపుతుంది. మూడు రోజులు విప్పకండి. చీము పైకి పాకిందంటే పాదమే తీసెయ్యాలి" అంది. ఇవన్నీ నాకు తెలిసినవే అన్నట్టు తలూపాను.

ఇంటికొచ్చామో లేదో పరామర్శలు మొదలు. మా దగ్గర చూడవచ్చినవాళ్లు పుండు కళ్లారా చూడందే చాయ్ ముట్టరు. షుగరున్న మనిషికి లడ్డూలు తెచ్చేవాళ్లు. వాటి బాధ్యత నేను తీసుకున్నాను. ముందుగా మేనత్త దిగింది.

"వెండి వెట్టిన్రా? ఏదీ, సూపియ్యి."

"గిదే అత్తమ్మా, గీ బూడిదరంగుది" అని విప్పి చూపించాను. రెండు రోజుల్లో ఏడుసార్లు విప్పి, ఏడుసార్లు కట్టాను, ప్రతిసారీ ఉపన్యాసంతో సహా. మధ్యలో చేతులు కడుక్కున్నానా అంటే, లడ్డూ తిన్నాక కడుక్కున్నట్టే గుర్తు.

మూడోరోజు డాక్టరమ్మ నలిగిన కట్టు చూసింది. చీము మళ్లీ పట్టి వేళ్లదాకా పాకింది.

"ఎవరు విప్పారు?"

నేను వంగి బాపు చెప్పులు సర్దాను.

"నేనేనమ్మా" అన్నాడు బాపు. "మస్తు దురద వెట్టింది. ఆగలేక విప్పిన."

ఆమె సూదిమొనతో ఆయన బొటనవేలు గుచ్చింది. బాపు ఉలకలేదు. గోడమీది క్యాలెండరు చూస్తూనే ఉన్నాడు. ఆమె నావైపు తిరిగింది. అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు.

రెండు వేళ్లు తీసేశారు. పాదం దక్కింది.

ఇంటికి తెచ్చిన మర్నాడే మేనత్త మళ్లీ లడ్డూలతో వచ్చి, మంచం పక్కన కూర్చుని, "ఏదిరా, సూపియ్యి" అంది. నేను కట్టు మీదికి దుప్పటి లాగాను.

"వాడు విప్పడక్కా" అన్నాడు బాపు నవ్వుతూ. "రెండు వేళ్లిచ్చి సదివిచ్చిన వాణ్ణి."